ఇంద్రియాలకూ తర్కానికీ అందనిదాన్ని తెలుసుకోవడం ఎలా: ఆత్మవిచారం చేసే పద్ధతి

రాత్రి పడుకోబోయే ముందు ఒక గ్లాసు నీళ్ళలో నాలుగు కల్లుప్పు రవ్వలు వేసి మూత పెట్టండి. తెల్లవారాక ఆ ఉప్పును మళ్ళీ చేతిలోకి తీసుకోవాలని చూడండి. కంటికి కనిపించదు, వేలికి తగలదు. పైనుంచి ఒక గుక్క, కొంత పారబోసి మధ్య నుంచి ఒక గుక్క, చివరగా అడుగు నుంచి ఒక గుక్క తాగండి. ఎక్కడ తాగినా ఉప్పగానే ఉంటుంది. ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఉద్దాలక ఆరుణి తన కుమారుడు శ్వేతకేతువు చేత చేయించిన పని ఇదే. ఆ కుర్రవాడు పన్నెండేళ్ళు గురుకులంలో వేదాలన్నీ చదివి, ఇరవై నాలుగేళ్ళ వయసులో తనకు తెలియనిది లేదన్న గర్వంతో ఇల్లు చేరినవాడు. తండ్రి అతనికి మరో గ్రంథం ఇవ్వలేదు, నీళ్ళూ ఉప్పూ ఇచ్చాడు.

నాలుక కూడా ఇంద్రియమే కదా అని చురుకైన పాఠకుడు అడుగుతాడు, అడగాలి కూడా. ఆ ప్రయోగం చూపించేది ఒక్కటే: ఒక సాధనానికి దొరకనంత మాత్రాన వస్తువు లేనట్టు కాదు. అయితే ఇంద్రియాలకూ తర్కానికీ అందని దేవుణ్ణి తెలుసుకోవడానికి ఏ సాధనం వాడాలి? ఉపనిషత్తులు ఇచ్చిన సమాధానం కొంచెం వింతగా ఉంటుంది. కొత్త సాధనం ఏదీ లేదనీ, ఉన్న సాధనాలన్నిటినీ పట్టుకుని చూస్తున్నవాడి వైపే తిరగాలనీ అవి చెబుతాయి. ఈ వ్యాసంలో ఆ తిరగడం ఎలాగో, ముఖ్యంగా అరుణాచలంలో రమణ మహర్షి చెప్పిన ఆత్మవిచార పద్ధతిని, అంటే ‘నేనెవరు’ అని లోపలికి వెతికే పద్ధతిని ఆధారం చేసుకుని, ఇంట్లో ఉంటూ ఉద్యోగం చేసుకునే మనిషికి వీలయ్యే తీరులో వివరిస్తాను.

మొదట ఇంద్రియాల సంగతి. భౌతికవాదులైన చార్వాకులు ప్రత్యక్షం (ఇంద్రియాలతో తెలిసేది) ఒక్కదాన్నే ప్రమాణంగా, అంటే జ్ఞానానికి నమ్మదగిన ఆధారంగా ఒప్పుకున్నారు, తర్కశాస్త్రాన్ని నడిపిన నైయాయికులు నాలుగింటిని ఒప్పుకున్నారు, అద్వైతులు ఆరింటిని లెక్కపెట్టారు. లెక్క ఎంతైనా ఆ ప్రమాణాలు తెచ్చిన వార్తను అందుకునేవాడు ఒకడు ఉండాలి. కన్ను రంగును చూస్తుంది, చెవి శబ్దాన్ని వింటుంది, ఈ రెండూ తెచ్చినవి ఎవరికి చేరుతున్నాయో ఆ ‘ఎవరు’ మాత్రం రంగూ కాదు, శబ్దమూ కాదు. కఠోపనిషత్తు రెండవ అధ్యాయం తొలి మంత్రం ఇంద్రియాలను బయటికి తెరుచుకునేటట్టు తొలిచిన రంధ్రాలుగా వర్ణిస్తుంది. అందుకే మనిషి బయటికే చూస్తాడు, లోపలి ఆత్మను చూడడు. ఏ ధీరుడో ఒక్కడు అమృతత్వాన్ని కోరి చూపును వెనక్కి మరల్చి దాన్ని చూశాడు అంటుంది. ‘ఆవృత్తచక్షుః’ అన్నది అక్కడి మాట. సాధన అంతా ఆ ఒక్క సమాసంలో ఉంది.

తర్కం సంగతికి ఇంకాస్త ఓపిక కావాలి, ఎందుకంటే దైవాన్ని తర్కంతో నిరూపించాలని చూసిన వారూ, తర్కంతో కొట్టివేయాలని చూసిన వారూ మన దేశంలో సమానమైన మేధావులు. కుండ ఉంటే కుమ్మరి ఉన్నట్టే జగత్తు ఉంటే కర్త ఉండాలని నైయాయికులు వాదించారు. ఉదయనాచార్యులు న్యాయకుసుమాంజలిలో ఆ వాదాన్ని శిఖరానికి చేర్చారు. అదే జగత్తును చూసిన బౌద్ధులు కర్త అవసరం లేదన్నారు. వేదాన్ని తలదాల్చిన మీమాంసకులు (వైదిక కర్మల అర్థాన్ని విచారించేవారు) సైతం సృష్టికర్త ప్రసక్తి లేకుండానే తమ శాస్త్రాన్ని నడిపారు. బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయంలో తర్కానికి స్థిరమైన పునాది లేదని ఒక సూత్రం ఉంది. ఒక నేర్పరి కట్టిన వాదాన్ని అంతకు మించిన నేర్పరి కూలుస్తాడని శంకరులు దానికి భాష్యం చెప్పారు. తర్కం నిలవదన్న మాటను నిలబెడుతున్నది కూడా తర్కమే కదా అన్న ఎత్తిపొడుపును కూడా ఆయన అదే భాష్యంలో ప్రతిపక్షి నోట పలికించారు. ఆ నిజాయితీ నాకు చాలా ఇష్టం. కాబట్టి సాధకుడు తర్కాన్ని ఇంటి నుంచి వెళ్ళగొట్టకూడదు. దానికి తగిన పని ఒకటి అప్పగించాలి: దైవం ఏమిటో చెప్పే పని కాదు, మనం పొరపాటున ‘నేను’ అనుకుంటున్నవాటిని ఒక్కొక్కటిగా పక్కన పెట్టే పని.

ఆ పనిని కాగితం మీద చేయవచ్చు. ఒక అరగంట తీరిక చూసుకుని కూర్చోండి. ఎదురుగా ఉన్న గోడను కన్ను చూస్తోంది, కనుక కన్ను గోడ కాదు. కంటికి మసక కమ్మితే ఆ మసకను మనస్సు గుర్తిస్తోంది, కనుక మనస్సు కన్ను కాదు. మనస్సు చికాకుగా ఉంటే ఆ చికాకు కూడా ఎవరికో తెలుస్తూనే ఉంది. తెలియకపోతే ‘ఈ రోజు మనసు బాగోలేదు’ అని మనం అనలేము. చూడబడేది చూసేవాడు కాదన్న ఈ మెట్ల వరుస పాతది, సరళమైనది. తర్వాత నిద్రను తీసుకోండి. గాఢ నిద్రలో పేరు లేదు, కులం లేదు, ఉద్యోగం లేదు, అప్పులు లేవు, ప్రపంచమే లేదు. అయినా లేచాక ‘హాయిగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు’ అంటాము. ఏమీ తెలియలేదని తెలిసింది ఎవరికి? ఇక్కడ గబుక్కున ‘ఆత్మకు’ అని జవాబు రాసేయకండి, ఆ తొందర పరీక్షా పత్రానికి పనికివస్తుంది గాని సాధనకు అడ్డం. ప్రశ్నను ప్రశ్నగానే వదిలి కాగితం మడిచిపెట్టండి. తర్కం మనల్ని ఈ గుమ్మం దాకా తీసుకొచ్చింది, లోపలికి అది రాదు. ‘విజ్ఞాతారమరే కేన విజానీయాత్’, తెలుసుకునేవాణ్ణి దేనితో తెలుసుకుంటావు అని బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్య ఋషి తన భార్య మైత్రేయిని అడిగి మాట ముగించినది ఈ గుమ్మం దగ్గరే.

ఈ గుమ్మం దగ్గర ఏళ్ళ తరబడి నిలబడిపోయిన మన తెలుగువాడు ఒకరున్నారు. బొబ్బిలి దగ్గరి కలువరాయిలో 1878లో పుట్టిన అయ్యలసోమయాజుల గణపతిశాస్త్రిగారు, ఆశుకవిత్వానికి ‘కావ్యకంఠ’ బిరుదు పొందిన పండితులు, దేశమంతా తిరిగి మంత్రజపం చేసినవారు. 1907 నవంబరు 18న, తిరువణ్ణామలైలో (అరుణాచలంలో) కార్తీక ఉత్సవాలు జరుగుతున్న రోజుల్లో, ఆయన మిట్టమధ్యాహ్నం ఎండలో విరూపాక్ష గుహకు ఎక్కి అక్కడి మౌనస్వామి పాదాలు పట్టుకున్నారు. చదవవలసినదంతా చదివాను, వేదాంతం అర్థం చేసుకున్నాను, తనివితీరా జపం చేశాను, అయినా తపస్సు అంటే ఏమిటో నాకు తెలియలేదు అన్నది ఆయన మొర. స్వామి కొంతసేపు ఆయన వంకే చూసి, ‘నేను’ అన్న భావం ఎక్కడి నుంచి పుడుతోందో గమనిస్తే మనస్సు అక్కడ లీనమవుతుంది, అదే తపస్సు; మంత్రం జపించేటప్పుడు ఆ మంత్రధ్వని ఎక్కడి నుంచి పుడుతోందో గమనిస్తే మనస్సు అక్కడ లీనమవుతుంది, అదే తపస్సు అన్నారు. ఆ స్వామికి భగవాన్ రమణ మహర్షి అన్న పేరు పెట్టి లోకానికి చాటినవారు ఈ గణపతి మునే.

జవాబులో రెండు దారులున్న సంగతి గమనించాలి. ఏ జపమూ చేయని వారికి మొదటిది. ఇదివరకే పంచాక్షరో అష్టాక్షరో రామనామమో అలవాటైన వారికి రెండవది. అలవాటైన మంత్రాన్ని మానుకోమని ఆయన అనలేదు. పెదవులతో మొదలుపెట్టి, గొంతులోకి దింపి, మనస్సులోకి దింపి, ఆ పలుకు పైకి లేవబోయే క్షణాన్ని పట్టుకోవడమే మార్పు. సంఖ్య మీద ధ్యాస ఉన్నంతవరకు ఇది కుదరదు, కాబట్టి ఈ సమయంలో జపమాలను పక్కన పెట్టడం మేలు.

మొదటి దారికి సమయం, చోటు విషయంలో పెద్ద నియమాలేమీ లేవు. తెల్లవారుజామున, వంటింట్లో అలికిడి మొదలుకాక ముందు, చాప మీదనో కుర్చీలోనో వెన్ను నిటారుగా ఉంచి కూర్చుంటే చాలు. మొదటి నెలలో పదిహేను నిమిషాలకు మించి అక్కరలేదు. ఫోను వేరే గదిలో ఉండాలి. అలారం కోసమే పక్కన పెట్టుకున్నానని చెప్పుకునే సమర్థన నేనూ చాలాకాలం చేశాను, అది నిలిచే సమర్థన కాదు. కళ్ళు మూసుకున్నాక రెండు నిమిషాలు ఊపిరిని ఊరికే గమనించండి, బిగపట్టవద్దు. వలలో పడ్డ పక్షిలా ఊపిరి నెమ్మదించగానే మనస్సు కూడా నెమ్మదిస్తుందని మహర్షి ఉపదేశసారంలో చెప్పారు. ముప్పై పద్యాల ఈ చిన్న గ్రంథాన్ని ఆయన 1927లో ముందు తమిళంలో రాసి, తర్వాత తెలుగు, సంస్కృతం, మలయాళంలోకి తానే తెచ్చారు.

కాస్త నెమ్మదించాక ఒక ఆలోచన వచ్చేదాకా వేచి ఉండండి, ఎక్కువసేపు పట్టదు. కరెంటు బిల్లు కట్టలేదన్న సంగతి గుర్తొచ్చిందనుకుందాం. దాన్ని తోసివేయవద్దు, దాని వెంట పోవద్దు. ‘ఈ ఆలోచన ఎవరికి వచ్చింది?’ అని లోపల అడగండి. ‘నాకు’ అన్నది సహజంగా వస్తుంది. ‘ఆ నేను ఎవరు?’ అని రెండవ ప్రశ్న. ఇక్కడే నూటికి తొంభైమంది దారి తప్పుతారు. కొందరు ‘నేనెవరు, నేనెవరు’ అని మంత్రంలా వల్లిస్తారు. చదువుకున్నవారు ‘నేను బ్రహ్మమును’ అని జవాబు చెప్పేసి తృప్తిపడతారు. రెండూ కాదు. ప్రశ్న ఉద్దేశం సమాధానం రాబట్టడం కాదు, బయటికి పరుగెత్తుతున్న ధ్యాసను ‘నాకు’ అని పలికిన ఆ చోటికి మళ్ళించడం. పిలుపు విని వెనక్కి తిరిగినట్టు, ప్రశ్న వినగానే ధ్యాస ఒక్క క్షణం వెనక్కి తిరుగుతుంది. ఆ క్షణంలో ‘ఉన్నాను’ అన్న ఎరుక మాత్రమే ఉంటుంది. దానికి పేరు, వయసు, ఊరు ఉండవు. అర సెకను పాటు నిలిచినా సరే, ఆ అర సెకనులోనే ఉండండి. మళ్ళీ ఆలోచన వస్తుంది, మళ్ళీ ‘ఎవరికి?’ అని అడగండి. చితిని ఎగదోసే కర్ర చివరకు తానూ కాలిపోయినట్టు, ‘నేనెవరు’ అన్న తలంపు మిగతా తలంపులన్నిటినీ కాల్చి తానూ నశిస్తుందన్నది మహర్షి చెప్పిన ఉపమానం. రెవెన్యూ శాఖలో పనిచేసే శివప్రకాశం పిళ్ళై అనే ఆయన 1901–02 ప్రాంతంలో అడిగిన ప్రశ్నలకు, మాట్లాడకుండా రాసి చూపించిన జవాబుల్లోని మాట ఇది.

ఈ పద్ధతి ఏ గ్రంథంలోంచీ ఏరుకున్నది కాదని తెలిస్తే ధైర్యం కలుగుతుంది. 1896 జులైలో మదురైలో, పదహారేళ్ళ వేంకటరామన్‌కు, అంటే తర్వాత రమణ మహర్షి అయిన కుర్రవాడికి, ఉన్నట్టుండి మరణభయం పట్టుకుంది. ఎవరినీ పిలవకుండా ఆ కుర్రవాడు నేల మీద శవంలా బిర్రబిగుసుకుని పడుకుని, ఈ శరీరం చనిపోయింది, దీన్ని మోసుకెళ్ళి కాల్చేస్తారు, దీంతో పాటు నేను కూడా చనిపోయానా అని తనను తాను పరీక్షించుకున్నాడు. వేదాంత పరిభాష అప్పటికి అతనికి తెలియదు. అదే ఏడాది సెప్టెంబరు 1న అరుణాచలం చేరాడు. భయాన్ని ప్రశ్నగా మార్చుకోవడం ఇక్కడ మనం నేర్చుకోవలసినది. మనకు దుఃఖమో భయమో కలిగినప్పుడు దాన్ని పోగొట్టుకునే ప్రయత్నానికి ముందు, ‘ఇది ఎవరికి?’ అని అడిగే అలవాటు చేసుకుంటే, కూర్చుని చేసే సాధన కన్నా అదే ఎక్కువ పనిచేస్తుంది.

అడ్డంకుల్లో ఆలోచనలు చిన్నవి, నిద్ర పెద్దది. మనస్సు నెమ్మదించగానే తియ్యటి మగత కమ్ముతుంది, సాధకుడు దాన్నే సమాధి అనుకుంటాడు. గంగ ఒడ్డున తపస్సు చేసుకునే ఒక యోగి కథను మహర్షి చెప్పేవారు. దాహం వేసి శిష్యుణ్ణి నీళ్ళు తెమ్మన్న ఆ యోగి, శిష్యుడు వచ్చేలోపు సమాధిలో మునిగిపోయి, వందల ఏళ్ళు గడిచాక కళ్ళు తెరిచి ‘నీళ్ళేవి?’ అని అడిగాడట. మనస్సు అణిగి ఉంది గాని నశించలేదు. లోపల దాహపు తలంపు ఉన్నది ఉన్నట్టే కాచుకుని ఉంది. లయం వేరు, నాశం వేరు అన్నది ఉపదేశసారంలోని తేడా. మగత వస్తున్నట్టు అనిపిస్తే కళ్ళు తెరవండి, లేచి ముఖం కడుక్కోండి, నాలుగడుగులు నడవండి, లేదా ‘ఈ మగతను ఎరుగుతున్నది ఎవరు?’ అని అడగండి. రాత్రి భోజనం తగ్గించడం కూడా పనిచేస్తుంది, ఇందులో గొప్ప రహస్యమేమీ లేదు.

కొందరికి వెలుగులు కనిపిస్తాయి, గంటల శబ్దం వినిపిస్తుంది, ఇష్టదైవం రూపం కట్టినట్టు నిలుస్తుంది. వాటిని తృణీకరించనక్కరలేదు, పండగ చేసుకోనక్కరలేదు. కనిపించినది ఏదైనా చూడబడినదే, వచ్చినది ఏదైనా పోయేదే. కాగితం మీద చేసిన తర్కం ఇక్కడ మళ్ళీ కావలివాడిలా పనికివస్తుంది: కనిపించినది నేను కాదు, మరి ఇది ఎవరికి కనిపించింది? అయితే నిద్ర పట్టకపోవడం, గొంతులు ఆదేశాలు ఇస్తున్నట్టు అనిపించడం, ఇంట్లో వారిని గుర్తించలేనంత పరధ్యానం లాంటివి వస్తే సాధన ఆపి మానసిక వైద్యుణ్ణి చూడటం తప్పనిసరి. ఆధ్యాత్మికత పేరుతో దాన్ని వాయిదా వేసిన కుటుంబాలను చూశాను.

ఇది తనకు చేతకాదన్న వారి మాట కొట్టివేయదగినది కాదు. ప్రశ్నించే శక్తి కూడా ఒక శక్తే, అది అలసిపోయే సమయం వస్తుంది. తెలుగువారికి దీన్ని వివరించనక్కరలేదు, గజేంద్రుడు మనకు చిన్ననాటి నుంచి తెలుసు. మొసలి పట్టు విడవని స్థితిలో ఆ ఏనుగు చేత పోతన పలికించినది నమ్మకం మాత్రమే కాదు, ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అన్న సంశయం కూడా. దీనుల పట్ల ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉంటాడంటారు; ఉన్నాడా? తర్కం తన చివరి అంచు వరకు వచ్చి నిలిచిపోయిన చోటు అది. ఆ తర్వాతనే బలం కొంచెమైనా లేదన్న మొర వస్తుంది. సంశయాన్ని దాచిపెట్టి చేసే శరణాగతి సగం శరణాగతి. కాబట్టి ఈ శరణాగతి దారిలో చేయవలసినది ఇదే: రాత్రి దీపం ఆర్పాక, మీ సంశయాన్ని కూడా కలుపుకుని, మోయలేని భారాన్ని ఫలానాదని పేరు పెట్టి చెప్పి దేవుడికి అప్పగించండి, తెల్లారాక తిరిగి తీసుకోకండి. తీసుకుంటారు. అప్పుడు మళ్ళీ అప్పగించండి. రైలు ఎక్కాక కూడా మూటను నెత్తిన పెట్టుకుని కూర్చున్న ప్రయాణికుడిని మహర్షి ఉదహరించారు. మూటను కింద పెట్టినా రైలు దాన్ని మోస్తూనే ఉంటుంది. భారం వదిలేవాడు ఎవరని వెతికితే ఈ దారి కూడా మొదటి దారిలోనే కలుస్తుంది.

దేవుణ్ణి అడిగితే ‘నేను’ను వెతకమంటారేమిటి అన్న అసంతృప్తి కొందరిలో మిగులుతుంది. ఈశ్వరుడికీ జీవుడికీ భేదం వేషాన్ని బట్టి కలిగిన బుద్ధిలోనే ఉందనీ, ఉనికిగా చూస్తే వస్తువు ఒక్కటేననీ ఉపదేశసారం సమాధానం. రామానుజుల వారి సంప్రదాయంలో పెరిగినవారు దీన్ని ఒప్పుకోరు. వారికి జీవుడు ఎప్పటికీ శేషుడే, అంటే భగవంతుడికి చెందినవాడే; ప్రపత్తే, అంటే శరణాగతే మార్గం. ఆ భేదాన్ని ఇక్కడ తీర్చబోవడం లేదు, అది తర్కంతో తీరేదైతే ఇన్ని శతాబ్దాలు పట్టేది కాదు. ఏ సంప్రదాయంలో ఉన్నవారైనా తమ సాధనను ఆ సంప్రదాయపు చివరి అంచు వరకు చేయవచ్చు.

గురువు విషయంలో మాత్రం తర్కాన్ని పూర్తిగా మేల్కొలిపి ఉంచండి. దైవం తర్కానికి అతీతం కావచ్చు గాని, దైవం పేరు చెప్పే మనిషి, ఆయన లెక్కల పుస్తకం, ఆయన శిష్యులు ఇంటివారితో ప్రవర్తించే తీరు తర్కానికి అతీతం కావు. ప్రశ్న అడగవద్దన్న చోట, ఇంటివారికి చెప్పవద్దన్న చోట, అనుభవానికి ధర కట్టిన చోట లేచి వచ్చేయండి.

ఆసనం మీంచి లేచాక సాధన ఎక్కడ నిలుస్తుందో రోజులో ఒక చిన్న పరీక్షతో చూసుకోవచ్చు. ఎవరో మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తారు, వంటింట్లోంచో, ఆఫీసులో పక్క బల్ల నుంచో. ‘ఆఁ’ అని పలకబోయే ముందు ఒక చిన్న విరామం ఉంటుంది. పేరు చెవిన పడింది గాని, ఆ పేరు నాదేనన్న భావం ఇంకా లేవలేదు. ఆ సందులో ఎవరున్నారో ఒక్కసారి చూసి, అప్పుడు పలకండి.